మిడ్‌వెస్ట్ పల్లెటూళ్ళో ఆర్వీ ఎక్కడ ఆపాలి? అయోవాలోని మాడ్రిడ్ చుట్టూ మా అనుభవం

ఆర్వీ, అంటే పడక, వంటిల్లు ఉన్న ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకునేటప్పుడు అది ఎన్ని అడుగులు, ఎంతమంది పడుకోవచ్చు, మైలుకు ఎంత అని పది చోట్ల కనుక్కుంటాం. రాత్రి ఎక్కడ ఆగాలన్నది మాత్రం దారిలో చూసుకుందాంలే అని వదిలేస్తాం. ఇద్దరు కుర్రాళ్ళు వెళ్తే అది చెల్లుతుంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, చంటిపిల్ల ఉన్న బండికి చెల్లదు. షికాగో శివార్ల నుంచి సౌత్ డకోటా వైపు మా అత్తయ్యగారు, మామయ్యగారితో రెండు వేసవుల్లో రెండుసార్లు వెళ్ళాం. రెండుసార్లూ అయోవాలోనే రాత్రి పడింది. మొదటిసారి నిద్రలేక అందరం నీరసపడిపోయాం. రెండోసారి ఒక్క రాత్రి అనుకున్నది రెండు రాత్రులు ఉండిపోయాం. బండి అదే సైజు, మనుషులు వాళ్ళే. తేడా అంతా ఆపిన చోటులోనే ఉంది.

ఉదాహరణకి మాడ్రిడ్ అనే ఊరు తీసుకుంటాను. పేరు స్పెయిన్ రాజధానిదే కానీ ఇక్కడివాళ్ళు మొదటి అక్షరం ఒత్తి ‘మ్యాడ్‌రిడ్’ అంటారు. డిమోయిన్ నగరానికి ఉత్తరంగా సుమారు 25 మైళ్ళు. జనాభా 3,000 లోపు. ఒకప్పుడు బొగ్గు గనులు, ఇప్పుడు ఎటు చూసినా మొక్కజొన్న, సోయాబీన్. మనవాళ్ళకి ఈ ఊరి పేరు తెలియడానికి కారణం అయోవా హిందూ గుడి. డిమోయిన్, ఏమ్స్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళందరికీ గుడి అంటే అదే, పొలాల మధ్యలో ఉంటుంది. షికాగో నుంచి సౌత్ డకోటాకి ఇంటర్‌స్టేట్ 90 మీద నేరుగా పోవచ్చు. మేం గుడి చూపిద్దామని ఇంటర్‌స్టేట్ 80 పట్టుకుని ఇటు వచ్చాం. మాడ్రిడ్ గురించి చెప్పే చాలా మాటలు ఇల్లినాయిలోనో, నెబ్రాస్కాలోనో ఇలాంటి ఏ చిన్న ఊరికైనా సరిపోతాయి.

ముందు కరెంటు లెక్క

చోటు ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. ఆ రాత్రి ఏసీ కావాలా, అక్కర్లేదా?

జులై, ఆగస్టుల్లో అయోవా ఉక్కపోత మన కోస్తా ఉక్కపోతకి ఏమీ తీసిపోదు. మొక్కజొన్న ఆకులు వదిలే తేమ కూడా గాలిలో కలుస్తుంది. ఇక్కడివాళ్ళు దాన్ని మొక్కజొన్న చెమట అంటారు. రేకు డబ్బాలాంటి ఆర్వీలో ఏసీ లేకుండా డెబ్భై ఏళ్ళ మనిషి నిద్రపోవడం కష్టం. ఏసీ నడవాలంటే రెండే దారులు, సైట్లో (బండి ఆపే చోట) కరెంటు హుకప్, అంటే బండికి తగిలించే కనెక్షన్, లేదా బండిలోని జనరేటర్. జనరేటర్ శబ్దం చేస్తుంది, పెట్రోలు తాగుతుంది, అద్దె కంపెనీలు చాలావరకు దానికి గంటల లెక్కన వేరే డబ్బు తీసుకుంటాయి. పైగా రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా చాలా క్యాంపుల్లో జనరేటర్ వేయనివ్వరు. అంటే మీకు కావాల్సిన వేళలోనే అది పనికిరాదు.

కరెంటు ఉందంటే సరిపోదు, ఎన్ని ఆంప్స్ అని కూడా అడగాలి. అద్దెకిచ్చే మామూలు బండ్లు 30 ఆంప్స్‌వి. 120 వోల్టుల మీద అది 3,600 వాట్లు. పైనున్న ఏసీ ఒక్కటే 1,500 వాట్ల దాకా లాగుతుంది. దానికి తోడు మైక్రోవేవ్, కరెంటు రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. మాకు అదే జరిగింది. అన్నం ఉడుకుతుండగా పాలు వేడి చేద్దామని మైక్రోవేవ్ నొక్కాను, మొత్తం చీకటి. బయటికెళ్ళి స్తంభం మీద పెట్టె మూత ఎత్తి బ్రేకర్‌ని పూర్తిగా కిందికి నొక్కి మళ్ళీ పైకి లేపితే వచ్చింది. అప్పటినుంచి వంట చేసే అరగంట ఏసీ ఆపేస్తున్నాం, లేదా గ్యాస్ స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ పెడుతున్నాం. ‘కరెంటుంది’ అన్నచోట తీరా చూస్తే గోడకున్న 15 ఆంప్స్ ప్లగ్ మాత్రమే ఉండొచ్చు. అది 1,800 వాట్లు. బ్యాటరీ చార్జింగుకి, లైట్లకి చాలు. ఏసీకి నమ్ముకోవద్దు.

సెప్టెంబరు చివర, అక్టోబరులో వెళ్తే ఈ లెక్క చాలావరకు మారిపోతుంది. రాత్రిళ్ళు చల్లగా ఉంటాయి, కరెంటు లేని చోట్లు కూడా హాయిగా సరిపోతాయి.

హైవే పక్కన ఉచితంగా

మొదటిసారి మేం చేసింది ఇదే. హైవే ఎగ్జిట్ దగ్గర ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో ఆపాం. పక్కన రిఫ్రిజిరేటర్ ట్రక్కు ఒకటి తెల్లవార్లూ ఇంజను ఆపలేదు. లైట్లు పగలల్లే వెలుగుతున్నాయి. అత్తయ్యగారు మూడుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నారు. ఉదయం లేచాక మామయ్యగారు ఏమీ అనలేదు, “కాఫీ ఉందా అమ్మా” అన్నారు అంతే. ఆ గొంతులోనే తెలిసింది నిద్రలేదని. ఆ రోజంతా మా ప్రయాణం ఆ నిద్రమత్తులోనే సాగింది.

ఇది ఎవరికీ పనికిరాదని కాదు. వాల్‌మార్ట్ లాంటి చోట్ల రాత్రి ఆపుకోనివ్వడం ఆ స్టోర్ మేనేజర్, ఆ ఊరి చట్టం మీద ఆధారపడి ఉంటుంది. ఫోన్ చేసి అడక్కుండా ఆపితే రాత్రి ఒంటిగంటకి తలుపు కొట్టి పంపించేయొచ్చు. ట్రక్ స్టాపుల్లో అయితే ఇంటర్‌స్టేట్ 80 మీద 284వ ఎగ్జిట్‌లో, వాల్‌కాట్ దగ్గర ‘అయోవా 80’ ఉంది. ప్రపంచంలోనే పెద్ద ట్రక్ స్టాప్ అని చెప్పుకుంటారు, 1964 నుంచి ఉంది. దాన్ని పగలు చూడండి. పిల్లలకి సరదాగా ఉంటుంది, కాళ్ళు చాపుకోవచ్చు, భోజనం చేయొచ్చు. పడకకి మాత్రం, రాత్రి పదకొండింటికి వచ్చి ఉదయం అయిదింటికి బయల్దేరే ఇద్దరు డ్రైవర్లకి తప్ప నేను చెప్పను. మిగిలేది 20, 25 డాలర్లు. కుటుంబంతో ఉన్నప్పుడు ఆ డబ్బు మిగుల్చుకోవడం దండగ.

పొలంలో మజిలీ

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మాకు ఎంతో నచ్చింది కాబట్టి.

హార్వెస్ట్ హోస్ట్స్ అని ఒక సభ్యత్వం ఉంది. ఏడాదికి సుమారు 100 డాలర్లు. పొలాలు, ద్రాక్షతోటలు, చిన్న బ్రూవరీలు, ఇలాంటి వాళ్ళు తమ స్థలంలో ఒక రాత్రి ఆర్వీ ఆపుకోనిస్తారు. స్థలానికి అద్దె ఉండదు. బదులుగా వాళ్ళ దగ్గర ఏదైనా కొనాలి. 30 డాలర్లు ఖర్చుపెడితే మర్యాదగా ఉంటుంది. బండిలోనే టాయిలెట్, నీళ్ళ ట్యాంకులు ఉండాలి. కరెంటు, నీళ్ళు సాధారణంగా ఉండవు. సాయంత్రం వెలుగుండగానే చేరుకోవాలి, ముందే అడిగి ఒప్పించుకోవాలి.

రెండో ప్రయాణంలో, ఆగస్టు మొదటి వారంలో ఇలాంటి ఒక పొలంలో ఆగాం. మామయ్యగారు ఖమ్మం దగ్గర నలభై ఏళ్ళు మొక్కజొన్న, మిర్చి పండించిన మనిషి. బండి దిగగానే గట్టు మీదికి నడిచారు. పొలం యజమాని కూడా వెంట వెళ్ళాడు. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో మా వారు. యజమాని ఒక కండె విరిచి ఇచ్చాడు. మామయ్యగారు పొట్టు ఒలిచి, గోరుతో గింజ నొక్కారు. తెల్లగా పాలు చిమ్మింది. “ఇంకా పాలమీదే ఉంది” అన్నారు. ఆ మాట మా వారు చెప్పేలోపే యజమాని నవ్వి, తన బొటనవేలి గోరుతో ఇంకో గింజ నొక్కి చూపించాడు. తర్వాత ఇద్దరూ కండె చుట్టూ వరుసలు లెక్కపెట్టారు. పదహారు. మొక్కజొన్న వరుసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయని మామయ్యగారు చెబితే, ఔనన్నట్టు అతను తలూపాడు.

ఎకరానికి ఎంత పండుతుందని అడిగితే, 200 బుషెల్స్ అన్నాడు. మొక్కజొన్న బుషెల్ అంటే 56 పౌండ్లు, 25 కిలోల పైచిలుకు. మామయ్యగారు వేళ్ళమీద లెక్క వేసి “యాభై క్వింటాళ్ళా!” అని ఆగిపోయారు. ఆ రాత్రి పొద్దుపోయేదాకా ఆయన ఆ లెక్కలోనే ఉన్నారు. విత్తనం ఎంత, యూరియా ఎంత, కూలీలు లేకుండా ఇంత భూమి ఇద్దరు మనుషులు ఎలా చేస్తారు అని. సౌత్ డకోటాలో అధ్యక్షుల ముఖాలు చెక్కిన కొండ, మౌంట్ రష్‌మోర్ చూసి వచ్చాక కూడా ఇండియాకి ఫోన్లో ఆయన ముందు చెప్పింది ఈ పొలం సంగతే.

కాబట్టి వ్యవసాయం చేసిన పెద్దవాళ్ళు మీతో ఉంటే ఒక రాత్రి ఇలా ఆగండి. కానీ షరతులున్నాయి. ఆ రాత్రి వాన పడి చల్లబడింది కాబట్టి మాకు ఏసీ అవసరం రాలేదు. లేకపోతే ఏం చేసేవాళ్ళమో! వాతావరణ సూచన చూసి, రాత్రి 70 ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగుతుందంటేనే పెట్టుకోండి. మొదటి రాత్రి వద్దు. ట్యాంకులు, బ్యాటరీ, పంపు అలవాటైన రెండో రాత్రికో, మూడో రాత్రికో పెట్టుకోండి.

ఇంకొకటి, చంటిపిల్లలున్నవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాల్సినది. పొలాల్లో నీళ్ళు చాలాచోట్ల సొంత బోరువి. ఎరువుల వల్ల నైట్రేట్ ఆ నీళ్ళలోకి దిగుతుంది. మునిసిపల్ నీళ్ళకి లీటరుకి 10 మిల్లీగ్రాముల పరిమితి ఉంది, పరీక్షలు చేస్తారు. సొంత బోరుకి ఆ పరీక్షలు యజమాని చేయించుకుంటేనే. నెలల పిల్లలకి నైట్రేట్ ప్రమాదం, రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోతుంది. నీళ్ళు కాచితే పోతుందనుకుంటాం, పోదు. ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి కలపడానికి సీసా నీళ్ళే వాడండి.

ఊరి పార్కు, కౌంటీ పార్కు, స్టేట్ పార్కు

మన కుటుంబాలకి నేను మొదట చెప్పేది ఇవే. ఇందులోనూ కౌంటీ పార్కుకే నా ఓటు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అయోవాలో 99 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీకీ ఒక కన్జర్వేషన్ బోర్డు ఉంటుంది, పార్కులు వాళ్ళే నడుపుతారు. మాడ్రిడ్‌లో స్వీడ్ పాయింట్ పార్కు అలాంటిదే, బూన్ కౌంటీది. ఊరి తొలి పేరు కూడా స్వీడ్ పాయింటే. ఇలాంటి పార్కుల్లో కరెంటున్న సైటుకి రాత్రికి 20 నుంచి 25 డాలర్లు అనుకోండి. చెట్లు, పిల్లలకి ఊయలలు, స్నానాల గది. మై కౌంటీ పార్క్స్ అనే వెబ్‌సైట్‌లో రాష్ట్రం మొత్తం పార్కుల వివరాలు చూడొచ్చు. కొన్ని సైట్లు బుక్ చేసుకోవాలి, కొన్ని ముందొచ్చినవాళ్ళకే.

ముందొచ్చినవాళ్ళకి ఇచ్చేచోట డబ్బు కట్టే పద్ధతి మొదటిసారి వెళ్ళినవాళ్ళని కంగారుపెడుతుంది, అందుకే చెబుతున్నాను. గేటు దగ్గర చెక్క బోర్డు కింద కాగితం కవర్లు ఉంటాయి. నచ్చిన సైటులో బండి పెట్టి, వచ్చి కవరు తీసుకుని మీ పేరు, బండి నంబరు, సైటు నంబరు, ఎన్ని రాత్రులు అన్నది రాయాలి. డబ్బు లోపల పెట్టి అంటించాలి. కవరుకున్న తోక ముక్క చింపి సైటు స్తంభానికున్న క్లిప్పుకి తగిలించాలి. కవరుని నేలలో పాతిన లావుపాటి ఇనుప గొట్టంలో వేయాలి. చిల్లర ఇచ్చే మనిషి ఉండడు. కార్డు పనిచేయకపోవచ్చు. అయిదు, పది డాలర్ల నోట్లు ఒక యాభై డాలర్ల దాకా పెట్టుకుని బయల్దేరండి. మమ్మల్ని చూసి క్యాంపు హోస్ట్‌గా (అక్కడే ఉండి పార్కు చూసుకునే మనిషిగా) ఉన్న పెద్దాయన గోల్ఫ్ బండిలో వచ్చి ఎక్కడ ఏముందో చూపించాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, గాలివాన వస్తే ఎక్కడికి పరుగెత్తాలో చెప్పి వెళ్ళాడు. అది ఎంత అవసరమో కింద చెబుతాను.

స్టేట్ పార్కు కావాలంటే లెడ్జెస్ దగ్గరే, బూన్‌కి దక్షిణంగా. ఇసుకరాయి కొండచరియల మధ్య వాగు పారుతుంటుంది. మాడ్రిడ్‌కి వచ్చి అది చూడకుండా వెళ్ళకండి. అక్కడ కరెంటు సైట్లున్నాయి. కానీ వారాంతాలకి ముందే నిండిపోతాయి. లోయలోకి దిగే రోడ్డు వాగుని దాటుకుంటూ వెళ్తుంది, అందులోకి ఆర్వీ తీసుకెళ్ళొద్దు. పైన ఆపి నడవండి. సెయిలర్‌విల్ సరస్సు చుట్టూ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళ క్యాంపులు ఉన్నాయి. ఏకార్న్ వ్యాలీ, చెర్రీ గ్లెన్, ప్రయరీ ఫ్లవర్ లాంటివి. విశాలంగా, శుభ్రంగా ఉంటాయి. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నెలల ముందే బుక్ చేసుకోవాలి. ఇక్కడ మనవాళ్ళకి ఒక లాభం ఉంది. మీ అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వచ్చి, 62 ఏళ్ళు దాటి ఉంటే సీనియర్ పాస్ తీసుకోండి. ఏడాదికి 20 డాలర్లు, జీవితాంతానికి 80. నేషనల్ పార్కుల్లో ప్రవేశానికి పనికొస్తుంది, కోర్ క్యాంపుల్లో చాలాచోట్ల అద్దె సగమవుతుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇవ్వరు.

ఊరి మునిసిపాలిటీ పార్కులు అన్నిటికంటే చవక. అయోవా, నెబ్రాస్కా, కాన్సస్, సౌత్ డకోటాల్లో చాలా చిన్న ఊళ్ళు నాలుగైదు హుకప్పులు పెట్టి పది, పదిహేను డాలర్లకి ఇస్తాయి. కొన్ని విరాళం పెట్టె పెట్టి ఊరుకుంటాయి. ఈత కొలను, లైబ్రరీ, అంగడి నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. వాకింగ్ అలవాటున్న పెద్దవాళ్ళకి ఇది గొప్ప సౌకర్యం. ఇబ్బంది ఏమిటంటే రైలు. యూనియన్ పసిఫిక్ మెయిన్ లైన్ ఏమ్స్, బూన్ మీదుగా నెబ్రాస్కా వైపు పోతుంది. ఆ దారిలోని ఊళ్ళలో పార్కు, పట్టాలు పక్కపక్కనే ఉండొచ్చు. గేటు వచ్చిన ప్రతిసారీ రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు హారన్ కొట్టాలని నియమం, రాత్రైనా సరే. గూగుల్ మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ తెరిచి పట్టాలకి పార్కు ఎంత దూరమో చూసుకోండి. మా అత్తయ్యగారి లాంటి చెవి ఉన్నవాళ్ళకి కనీసం ఒక మైలు ఉండాలి.

కౌంటీ ఫెయిర్ గ్రౌండ్స్ (కౌంటీ జాతర జరిగే మైదానాలు) కూడా హుకప్పులు ఇస్తాయి. చెట్ల నీడ తక్కువ, కరెంటు గట్టిది. పెద్ద బండి తిప్పుకోవడం సులువు. పార్కులు నిండినప్పుడు వాటికి ఫోన్ చేయండి. జులైలో ఫెయిర్ జరిగే వారం తప్ప.

ప్రైవేటు ఆర్వీ పార్కులు

కేఓఏ లాంటి క్యాంపుల గొలుసు కంపెనీలవి హైవే దగ్గర్లో ఉంటాయి. రాత్రికి 45 నుంచి 75 డాలర్లు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ సైట్లోనే. బట్టలు ఉతుక్కోవచ్చు, ఆలస్యంగా వచ్చినా మీ పేరుతో కవరు బయట పెట్టి ఉంచుతారు. బండ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, పక్కవాళ్ళ టీవీ వినబడుతుంది. మూడో రోజో, నాలుగో రోజో బట్టలు పేరుకుపోయినప్పుడు, ట్యాంకులు నిండినప్పుడు వీటికి మించింది లేదు. చీకటి పడ్డాక చేరేటట్టుంటే కూడా ఇదే మేలు. పల్లె రోడ్ల మీద రాత్రి 28 అడుగుల బండితో కౌంటీ పార్కు వెతకడం చాలా టెన్షన్.

ఆ రోడ్ల గురించి ఒక మాట. ఇక్కడి పొలాల్ని మైలుకో రోడ్డు చొప్పున గళ్ళుగా కొట్టారు. జీపీఎస్ దగ్గరి దారి అని కంకర రోడ్డెక్కిస్తుంది. కంకర అయితే నెమ్మదిగా పోవచ్చు. కానీ ‘లెవెల్ బీ’ అని బోర్డు కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి. అయోవాలో దానర్థం నిర్వహణ అంతంతమాత్రం, మీ బాధ్యత మీద వెళ్ళండి అని. వాన పడితే అది బురద గుంట.

ఏ నెల, ఏ వారం

చోటు ఎంత మంచిదైనా వారం తప్పితే దొరకదు. జులై చివరి పూర్తి వారంలో రాగ్‌బ్రాయ్ సైకిల్ యాత్ర రాష్ట్రాన్ని అడ్డంగా దాటుతుంది. 1973 నుంచి జరుగుతోంది, వేల మంది వస్తారు. దారి ఏటా మారుతుంది, ఆ దారిలోని ఊళ్ళలో అడుగు పెట్టే చోటుండదు. ఆగస్టు మధ్యలో డిమోయిన్‌లో స్టేట్ ఫెయిర్, 11 రోజులు. సరిసంఖ్య సంవత్సరాల్లో ఆగస్టు చివర బూన్‌లో ఫార్మ్ ప్రోగ్రెస్ షో, మాడ్రిడ్‌కి పక్కనే. శరదృతువులో ఏమ్స్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలు కూడా అంతే. ఆదివారం నుంచి గురువారం మధ్య వస్తే చాలావరకు చోటు దొరుకుతుంది.

అక్టోబరులో కోతలు. ధాన్యం ఎలివేటర్ల (ధాన్యం నిల్వచేసే పెద్ద గోదాముల) దగ్గర మొక్కజొన్న ఆరబెట్టే ఫ్యాన్లు రాత్రంతా హోరెత్తుతాయి, దుమ్ము లేస్తుంది. ఆయాసం ఉన్నవాళ్ళు ఊళ్ళో ఎలివేటర్‌కి దూరంగా ఉన్న పార్కు చూసుకోవాలి. కోత అయ్యాక పందుల ఎరువు పొలాలకి కొడతారు. అయోవాలో జనం 32 లక్షలైతే పందులు రెండు కోట్ల పైమాటే, కాబట్టి వాసన నిజంగానే ఉంటుంది. సైటు ఎంచుకునే ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటే సగం బాధ తప్పుతుంది. వసంతంలోనూ, నవంబరులోనూ ట్రాక్టర్ల వెనక తెల్లటి గుండ్రని ట్యాంకులు కనిపిస్తాయి. అందులో అమోనియా ఉంటుంది. వాటి పక్కన బండి ఆపకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా గాలివానలు. 2020 ఆగస్టు 10న వచ్చిన డెరేచో (తిన్నగా వీచే పెనుగాలుల తుఫాను) మధ్య అయోవాని తుడిచిపెట్టింది. సీడర్ ర్యాపిడ్స్ దగ్గర గాలి గంటకి 140 మైళ్ళ వేగంతో వీచిందని అంచనా. అలాంటి గాలికి ఆర్వీ ఆగదు. హెచ్చరికలు ఎక్కువగా కౌంటీ పేరుతోనే వస్తాయి. మనం ఏ కౌంటీలో ఉన్నామో మనకి తెలియకపోతే ఆ హెచ్చరిక మనకే అని అర్థం కాదు. అందుకే ప్రతి సాయంత్రం ఆ కౌంటీ పేరు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తాను, మాడ్రిడ్ అయితే ‘బూన్’. ‘వాచ్’ అంటే వచ్చే అవకాశం ఉందని, ‘వార్నింగ్’ అంటే వచ్చేసింది, దిగి పరుగెత్తమని. పార్కుల్లో సిమెంటు ఇటుకలతో కట్టిన స్నానాల గదే చాలాచోట్ల ఆశ్రయం. చాలా ఊళ్ళలో మధ్యాహ్నం 12కి రోజూ సైరన్ మోగిస్తారు, దానికి భయపడక్కర్లేదు. వేరే వేళలో మోగితే మాత్రం లేవాలి. కౌంటీ పార్కుని, ఊరి పార్కుని నేను ముందు పెట్టడానికి ఇదీ ఒక కారణం. అక్కడ చాలాచోట్ల తలుపు కొట్టి లేపే మనిషి ఉండొచ్చు.

మా ఎంపిక, మీ ఎంపిక

పెద్దవాళ్ళు, పిల్లలతో జులై, ఆగస్టుల్లో వెళ్తున్నారా? మొదటి రాత్రి కౌంటీ పార్కు, కరెంటు సైటు, సాయంత్రం అయిదులోపు చేరేలా. షికాగో నుంచి మాడ్రిడ్ దాకా కారుకి ఆరు గంటల లోపే, ఆర్వీకి ఏడు, మధ్యలో ఆగితే ఎనిమిది. ఉదయం ఏడింటికల్లా బయల్దేరండి. దారిలో వెస్ట్ డిమోయిన్ వైపు ఇండియన్ స్టోర్లున్నాయి, కరివేపాకు, పెరుగు అక్కడ తీసుకోండి. పల్లెలో అవి దొరకవు. చిన్న ఊళ్ళలో దొరికేది కేసీస్. 1968లో బూన్‌లోనే మొదలైన అంగడి. పెట్రోలు, పాలు, పిజ్జా దొరుకుతాయి.

రెండో రోజు ఉదయం గుడికి వెళ్ళండి. తెరిచే వేళలు ముందు చూసుకోండి, పెద్ద బండితో వస్తున్నామని ఫోన్ చేసి చెప్పండి. గుడి పార్కింగ్‌లో రాత్రి ఉండొచ్చని ఊహించుకుని వెళ్ళొద్దు. సాయంత్రం హై ట్రెస్టిల్ వంతెన. పాత రైలు వంతెన స్తంభాల మీద 2011లో కట్టిన కాలిబాట, అర మైలు పొడవు, డిమోయిన్ నది మీద పదమూడు అంతస్తుల ఎత్తు. ఉక్కు చట్రాలు ఒకదాని వెనక ఒకటి మెలితిరుగుతూ బొగ్గు గనిలోకి దిగుతున్నట్టు కనిపిస్తాయి, చీకటి పడ్డాక నీలం దీపాలు వెలుగుతాయి. మోకాళ్ళ నొప్పులున్నా సమతలంగా ఉంటుంది కాబట్టి అత్తయ్యగారు కూడా నెమ్మదిగా నడిచారు. అది చూశాకే మేం రెండో రాత్రి కూడా ఉండిపోయాం.

అక్టోబరులో ఇద్దరే వెళ్తుంటే పొలంలో మజిలీకి నా మొదటి స్థానం. ఆఫీసు పని చేసుకుంటూ వెళ్ళేవాళ్ళు ప్రైవేటు పార్కుకి వెళ్ళండి, వైఫై నమ్మకం అని కాదు, హైవే పక్కన ఫోన్ సిగ్నల్ బాగుంటుందని. 35 అడుగులు దాటిన బండి అయితే ఫెయిర్ గ్రౌండ్స్.

ఎక్కడ ఉన్నా బయల్దేరే ఉదయం డంప్ స్టేషన్ (మురుగు పారబోసే చోటు) దగ్గర ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్‌ది), తర్వాత గ్రే ట్యాంక్ (గిన్నెలు, స్నానం నీళ్ళది) ఖాళీ చేయండి. గిన్నెలు కడిగిన నీళ్ళతో గొట్టం శుభ్రమవుతుంది. ఆదివారం పది తర్వాత అక్కడ పెద్ద లైను, ఎనిమిదికే వెళ్ళిపోండి. క్యాంపు మంటకి కట్టెలు ఇంటినుంచి తేకండి. యాష్ అనే చెట్లని చంపే పురుగు వాటితోనే ఊరు మారుతోంది. అక్కడే కట్ట ఆరేడు డాలర్లకి కొనుక్కోండి.

ఊరి పార్కు మీద ఆధారపడుతున్నట్టయితే సిటీ హాల్‌కి మధ్యాహ్నమే ఫోన్ చేయండి. రెండు హుకప్పులు ఖాళీగా ఉన్నాయో లేదో అక్కడున్న ఒక్క మనిషికే తెలుసు. సాయంత్రం నాలుగున్నర, అయిదు దాటితే ఆ ఫోన్ ఎవరూ ఎత్తరు.